ఏనుగులకు నీళ్లు మోసింది ఎవరు?

(మా పేట చదువుల కూటంలో చేసిన ప్రసంగం. మాట్లాడింది మాట్లాడినట్టే రాసి ఇస్తున్నాం.)

 

పోయిన నెల మనం ఒక నవల చదువుకున్నాం. చదువుకున్నాం అంటే అందరం చదవలేదు. అది ఇంగ్లీషు పుస్తకం. డిగ్రీ చదివే మన చెల్లెలు ఒకామె పగలు చదువుకొచ్చి, రాత్రిళ్లు అంబేద్కర్ బొమ్మ దగ్గర అరుగు మీద కూచుని మనకు తెలుగులో చెప్పింది. ఎనిమిది రాత్రులు పట్టింది. కథ అయిపోయిన రాత్రే జగడం మొదలైంది. ఒకరికి నచ్చింది, ఒకరికి నచ్చలేదు. ఒకరు ఏడ్చారు, ఒకరు నవ్వారు. మన తమ్ముడు ఒకడైతే, శ్మశానం స్థలం కోసం కాయితాలు పట్టుకుని ఆఫీసుల చుట్టూ తిరుగుతుంటే మీకు అమెరికా సర్కస్ కథలు కావాల్సొచ్చాయా అని లేచిపోయాడు. ఆ జగడం గురించి మాట్లాడమని ఈ రోజు నన్ను నిలబెట్టారు. జగడం చెడ్డది కాదు. ఏమీ అనకుండా ఇంటికి పోయి పడుకుంటే అది చెడ్డది.

ముందు కథ రెండు ముక్కల్లో చెప్తాను, రానివాళ్ల కోసం.

పుస్తకం పేరు ‘వాటర్ ఫర్ ఎలిఫెంట్స్’. ఏనుగులకు నీళ్లు అని అర్థం. సారా గ్రూయెన్ అనే ఆమె రాసింది. 2006లో అచ్చయింది. 2011లో సినిమాగా కూడా వచ్చింది. కథ జరిగింది మాత్రం 1931లో. అమెరికాలో 1929లో షేర్ల బజారు కూలిపోయింది. బ్యాంకులు మునిగిపోయాయి. 1933 నాటికి పనిచేసే నలుగురిలో ఒకరికి పని లేదు. ఆ కరువు కాలంలో, రైలెక్కి ఊరూరా తిరిగే ఒక సర్కస్ కథ ఇది.

జాకబ్ అని ఒక కుర్రాడు. పశువుల డాక్టరు చదువు చివరి పరీక్షలో ఉండగా తల్లీ తండ్రీ కారు ప్రమాదంలో చనిపోతారు. తండ్రి కూడా పశువుల డాక్టరే. డబ్బులివ్వలేనోళ్ల దగ్గర చిక్కుడు గింజలూ గుడ్లూ తీసుకుని వైద్యం చేసిన మనిషి. కొడుకు చదువు కోసం ఇల్లు తాకట్టు పెట్టాడు. ఇల్లు బ్యాంకుకు పోయింది. కుర్రాడు పరీక్ష హాల్లో కూచుని, ఒక్క అక్షరం రాయకుండా లేచి నడిచిపోయి, చీకట్లో కదులుతున్న రైలెక్కాడు. అది సర్కస్ రైలు. అక్కడ మార్లీనా అనే ఆటకత్తె, ఆమె మొగుడు ఆగస్టు, రోజీ అనే ఏనుగు, అంకుల్ ఆల్ అనే యజమాని. మొగుడు ఏనుగునీ కొడతాడు, పెళ్లాన్నీ కొడతాడు. కుర్రాడికీ ఆమెకీ ప్రేమ పుడుతుంది. చివరికి ఏనుగే ఆ మొగుణ్ని చంపుతుంది. ఆ సంగతి కళ్లారా చూసిన జాకబ్ తొంభై ఏళ్లు దాటేదాకా ఎవరికీ చెప్పడు. ముసలాళ్ల ఆశ్రమంలో కూచుని ఇదంతా గుర్తు చేసుకుంటుంటాడు. ఇదీ కథ.

ఇక మన వాళ్లు ఏమన్నారో ఒక్కొక్కటీ తీసుకుందాం.

కథ చెప్పిన చెల్లెలు ఏమందంటే, మార్లీనా కొట్టే మొగుణ్ని వదిలి బయటికి రావడం నాకు నచ్చింది అంది. పక్కనే కూచున్న అంగన్‌వాడీ అక్క ఒప్పుకోలేదు. ఆమెకు సొంతంగా ఏముంది? మొగుడి చేతిలోంచి ప్రియుడి చేతిలోకి పోయింది, అంత పెద్ద పుస్తకంలో ఆమె మనసులో ఏముందో రెండు పేజీలైనా రాయలేదు అంది. ఇద్దరి మాటా నిజమే అనుకుంటాను. తన్నులు తినే ఆడది గడప దాటడం చిన్న సంగతి కాదు. కానీ కథంతా మగవాడే చెప్తాడు. అతను చూసినంత వరకే ఆమె మనకు కనపడుతుంది. గుర్రం మీద నిలబడినప్పుడు ఎంత అందంగా ఉందో చెప్తాడు. ఆ నిలబడ్డం నేర్చుకోడానికి ఎన్నిసార్లు పడి నడుం విరగ్గొట్టుకుందో అంతగా చెప్పడు.

ముగింపు మీద రెండో తగువు. ఆశ్రమంలో ఉన్న ముసలాయన్ని ఆదివారం పూట సర్కస్‌కు తీసుకుపోవాల్సిన కొడుకు మరిచిపోతాడు. ఆయన నడకబండి పట్టుకుని ఒక్కడే నడుచుకుంటూ సర్కస్‌కు పోయి, మళ్లీ అక్కడే ఉండిపోతాడు. మన పెద్దమ్మ ఇది విని కొంగు నోట్లో పెట్టుకుని ఏడ్చింది. కుర్రాళ్లు సినిమా ముగింపు అని ఎగతాళి చేశారు. పెద్దమ్మకు నలుగురు కొడుకులు. ఒకడు హైదరాబాదు, ఒకడు బెంగుళూరు. ఆమె ఎందుకేడ్చిందో ఎగతాళి చేసినోళ్లు తర్వాతైనా ఆలోచించారో లేదో. పుస్తకం మంచిదా చెడ్డదా అని తేల్చేది మన బుర్ర ఒక్కటే కాదు. ఎవరి బతుకు ఎక్కడ తగిలితే అక్కడ పుస్తకం పట్టుకుంటుంది.

మూడో మాట మన తాపీ తమ్ముడిది. అందరికంటే గట్టిగా మాట్లాడాడు. ఆ మాట నేను ఎనిమిది ఊళ్లలో చెప్పాను. వాడేమన్నాడంటే, ‘అన్నా, పరీక్ష రాయనోణ్ని డాక్టరన్నారు. ఎందుకంటే పెద్ద కాలేజీ పేరు చెప్పాడు. మనోళ్లు పరీక్ష రాసి, పాసై, పట్టా పట్టుకొస్తే రిజర్వేషన్ డాక్టర్ అంటారు.’ చూడండి, ఎంత మాటో! నవలలో ఆ కుర్రాడు మొదటి రోజు పేడ ఎత్తాడు. కార్నెల్ కాలేజీ అనగానే యజమాని కళ్లు పెద్దవయ్యాయి. మర్నాటికి డాక్టరయ్యాడు. పనోళ్ల పక్క వదిలి ఆటగాళ్ల పక్కకు పోయి అన్నం తిన్నాడు. ప్రతిభ, మెరిట్ అని మనకు ముప్ఫై ఏళ్లుగా పాఠం చెప్పేవాళ్లకు ఈ పేజీ చదివి వినిపించాలి.

అన్నం సంగతి వచ్చింది గనక అక్కడే ఆగుదాం. ఆ సర్కస్‌లో వంటడేరా ఒక్కటే. మధ్యలో తెర. తెరకు ఒక పక్క ఆటగాళ్లు, పెద్దలు. ఇంకో పక్క డేరా కట్టేవాళ్లు, గుంజలు పాతేవాళ్లు, పేడ ఎత్తేవాళ్లు. ఆ పక్కవాడు ఈ పక్కకు వచ్చి కూచోకూడదు. అందరూ ఒకే సర్కస్ మనుషులే. అయినా తెర. మన హోటళ్లలో రెండు గ్లాసులు ఉండేవి కదా, ఆ వాసన నాకు అక్కడ కొట్టింది. ఇదే మాట మన రిటైరైన మాస్టారితో అంటే, కూలికీ కులానికీ తేడా ఉంది, రెండూ కలిపి పిసక్కు అన్నారు. ఆయన అన్నది కరెక్టు. జాకబ్ తెర దాటాడు. ఒక్క రోజులో దాటాడు. మన రెండో గ్లాసు కాలేజీ పేరు చెప్తే మారలేదు. అంబేద్కర్ పెద్ద విదేశీ యూనివర్సిటీ పట్టాతో బరోడాకు ఉద్యోగానికి వస్తే, ఉండటానికి ఇల్లు దొరకలేదు. తేడా అక్కడుంది.

కరువు కాలంలో పనోళ్ల జీతం ఎవరు ఎగ్గొట్టారో కూడా ఆ నవలలో ఉంది. ఆటగాళ్లకు ముందు ఇస్తారు. పనోళ్లకు వారాల తరబడి ఇవ్వరు. జీతం అడిగినోణ్ని, జబ్బు పడ్డోణ్ని, పనికిరాడనుకున్నోణ్ని ఏం చేస్తారంటే, రాత్రి కదులుతున్న రైల్లోంచి బయటికి తోసేస్తారు. దానికి ఆ సర్కసోళ్లు ఒక పేరు పెట్టుకున్నారు, ఎర్రదీపం చూపించడం అని. పట్టాల మీద పడ్డవాడికి దూరంగా పోతున్న రైలు వెనకదీపం కనపడుతుందంట. కామెల్ అని ఒక ముసలి పనోడు ఉంటాడు. కుర్రాడికి మొదట పని చూపించింది వాడే. తాగుడు వల్ల కాళ్లూ చేతులూ పడిపోతాయి. ఇది కల్పన కాదు. 1920 నుంచి 1933 దాకా అమెరికాలో మద్యనిషేధం. పేదోళ్లు అల్లం మందు పేరుతో అమ్మే సారా తాగేవాళ్లు. 1930లో వ్యాపారులు సర్కారు పరీక్షకు దొరక్కుండా దానిలో ఒక రసాయనం కలిపారు. వేలమందికి కాళ్లు పడిపోయాయి. మనకీ తెలుసు కల్తీసారా సంగతి. సారా మీద తిరగబడ్డ దూబగుంట ఆడోళ్లూ మన జిల్లాల వాళ్లే, అది 1990ల మొదట్లో. అమెరికా పేదోడి కాళ్లూ మన పేదోడి కళ్లూ ఒక్క రకం వ్యాపారమే తీసింది.

ఆ కామెల్‌నూ, వాల్టర్ అనే పొట్టి మనిషినీ ఒక రాత్రి రైల్లోంచి తోసేస్తారు. ఇద్దరూ చచ్చిపోతారు. ఇక్కడే తాపీ తమ్ముడికి కోపం వచ్చింది. హీరోకు పెళ్లయింది, పిల్లలు పుట్టారు, పెద్ద సర్కస్‌లో ఉద్యోగం దొరికింది, కామెల్‌కు సమాధి అయినా ఉందా అని అడిగాడు. లేదు. తోసేయగా బతికినవాళ్లు మాత్రం తిరిగొచ్చి జంతువుల బోన్లు తెరిచి ఆ సర్కస్‌నే కూల్చేస్తారు. తర్వాత యజమాని శవమై దొరుకుతాడు. అది తిరుగుబాటే. కానీ నవలలో అది ఒక గందరగోళంలాగా, ప్రేమకథ తేలడానికి వచ్చిన గాలివానలాగా వచ్చి పోతుంది. వాళ్లు ఎక్కడ కలుసుకున్నారు, ఏమనుకున్నారు, ఎవరు ముందు నడిచారు, ఇవేవీ మనకు తెలియవు. నిజం చరిత్రలో సర్కస్ పనోళ్లు నోరు మూసుకుని లేరు. 1938లో రింగ్లింగ్ సర్కస్‌లో జీతాలు నాలుగో వంతు కోస్తామంటే పనోళ్లు స్క్రాంటన్ ఊళ్లో సమ్మె కట్టారు. డేరా పీకాల్సొచ్చింది.

ఇంకో లోటు కూడా చెప్పాలి. ఆ కాలం అమెరికా సర్కస్‌లో నల్లవాళ్లు ఉన్నారు. గుంజలు పాతారు, బ్యాండు వాయించారు. పి.జి. లోవరీ అనే గొప్ప నల్లజాతి బ్యాండు మాస్టరు ఉన్నాడు. ఎంత గొప్పవాడైనా ఆయన బ్యాండుకు చోటు పక్కడేరాలోనే, పెద్ద డేరాలో తెల్లవాళ్ల బ్యాండు. ఈ నవల సర్కస్‌లో మనకు గుర్తుండిపోయే మనుషుల్లో ఒక్క నల్లవాడు లేడు. గుంజ కనపడుతుంది, పాతిన చెయ్యి కనపడదు.

అయితే నేను ఈ పుస్తకాన్ని పారెయ్యమనడం లేదు. ఏనుగు గురించి చెప్తాను, వినండి. రోజీని అందరూ మొద్దు అంటారు. చెప్పింది చెయ్యదు, నించోమంటే నించోదు. ఆగస్టు అంకుశంతో రక్తం వచ్చేట్టు పొడుస్తాడు. ఒక రోజు జాకబ్‌కు తెలుస్తుంది, ఏనుగుకు ఇంగ్లీషు రాదు, పోలిష్ భాష వచ్చని. జాకబ్ అమ్మానాన్నలది పోలండు. తన భాషలో చెప్పగానే ఏనుగు అన్నీ చేస్తుంది. అంతకాలం మొద్దు ఎవరు? కథ ఇక్కడికి రాగానే మన పిల్లోడు ఒకడు, ఏడో తరగతి వాడు, ‘మా సారు నన్ను అట్టాగే అంటాడు’ అన్నాడు. ఎవరూ నవ్వలేదు. మన ఇంటి మాట బళ్లో తప్పు. మన కూర పేరు తప్పు, మన దేవత పేరు తప్పు. తెలియని మాటల్లో అడిగి, చెప్పలేదని కొట్టి, మొద్దు అని పేరు పెడతారు. ఈ ఒక్క సంగతి కోసం ఈ నవలకు నేను దండం పెడతాను. రాసినామెకు మన పిల్లలు తెలియకపోవచ్చు. అయినా వాళ్లకు చేరింది.

ఇప్పుడు పుస్తకం పేరు దగ్గరికొద్దాం. ఆశ్రమంలో ఒక ముసలాయన, నేను చిన్నప్పుడు సర్కస్ ఏనుగులకు నీళ్లు మోశాను అని గొప్ప చెప్తాడు. జాకబ్‌కు ఒళ్లు మండిపోతుంది. అబద్ధం, ఏనుగు ఎన్ని నీళ్లు తాగుతుందో నీకు తెలుసా అని కేకలేస్తాడు. నిజానికి ఆ దేశంలో సర్కస్ వచ్చిన ఊళ్లో కుర్రాళ్లు ఏనుగులకు నీళ్లు మోసి ఉచిత టికెట్టు తీసుకునేవాళ్లు. నేనెందుకు దీన్ని పట్టుకున్నానంటే, మా చిన్నాయన మోశాడు. నా చిన్నప్పుడు మా టౌనుకు సర్కస్ వచ్చింది. మా పేట కుర్రాళ్లు ఉదయం నుంచి మధ్యాహ్నం దాకా కావిళ్లతో నీళ్లు మోశారు. ఊరి బావిలో తోడనియ్యరు గనక కాలవ దాకా పోయి తెచ్చారు. ఏనుగుకని చెప్పినా బావి ఇవ్వలేదు! సాయంత్రం టికెట్టు ఇచ్చారు. గ్యాలరీ వెనక నిలబడి చూశారు. సర్కస్ పోయిన రోజు మా చిన్నాయన కూడా పోయాడు. పదిహేడేళ్లు. గుంజలు పాతే పనికి. ఒక ఉత్తరం వచ్చింది, బాగున్నానని, పండక్కి వస్తానని. అంతే. తర్వాత ఏ కబురూ లేదు. మా నాయనమ్మ చనిపోయేదాకా సర్కస్ మైకు వినపడితే బయటికొచ్చి చూసేది. ఎవరి రైలు దీపం ఆయనకు కనపడిందో నాకు తెలియదు. కామెల్‌ను తోసేసిన రాత్రి నేను అరుగు మీద నుంచి లేచి పక్కకు పోయింది అందుకే.

నీళ్ల దగ్గర మనకు చాలా చరిత్ర ఉంది. 1927లో మహద్ చెరువు. 1985లో కారంచేడు, అదీ చెరువు నీళ్ల దగ్గరే మొదలైంది. మున్నంగి సువార్తమ్మ బిందె ఎత్తింది. గనక ఎవడైనా ఏనుగులకు నీళ్లు అంటే, నీళ్లు మోసింది ఎవరు, ఏ రేవు నుంచి మోశారు అని మనం అడుగుతాం. అది మన హక్కు.

ఇంతవరకూ చెప్పింది సులువు. ఎదుటివాడి తెర చూపించడం సులువు. ఇప్పుడు కష్టమైంది చెప్పాలి.

ఆఖరి రాత్రి అందరం మాట్లాడాక, వెనకనుంచి ఒక గొంతు వినపడింది. రైలు గేటు దగ్గర గుడిసెల్లో ఉండే దొమ్మర అక్క. ‘డేరా వేసి టికెట్టు పెడితే సర్కస్. మా అయ్య గడ ఎక్కితే అడుక్కోడం. మా అమ్మ తాడు మీద నడిస్తే మీరు చిల్లర విసిరారు, ఆట అయ్యాక మంచినీళ్లు అడిగితే చేతిలో పోశారు’ అంది. మేం ఏమీ అనలేకపోయాం. ఆమె ఆగలేదు. ‘మీ పేటలో ఆడోళ్లు పోట్లాడుకుంటే తిట్టుకునే తిట్టేంటి? మా కులం పేరే గదా’ అంది.

ఇంకో సంగతి ఆమె చెప్పలేదు. నేను చెప్తాను. ఎనిమిది రాత్రులూ ఆమె వచ్చింది. ఎనిమిది రాత్రులూ చాప మీద మనం కూచున్నాం. ఆమె చాప అవతల మట్టిలో కూచుంది. రమ్మని ఒక్కరం అనలేదు. రెండు గ్లాసుల మీద కరపత్రం రాసినవాణ్ని నేను. నా కళ్లకు ఆ చాప అంచు కనపడలేదు. అమెరికా వంటడేరాలో తెర చూసి మనం ఛీ అన్నాం. మన తెర మన కిందే పరిచి ఉంది.

తెల్లదొరలు 1871లో నేరస్థ జాతుల చట్టం తెచ్చారు. తర్వాత మద్రాసు రాజధానికీ వచ్చింది. తిరిగి బతికే కులాలను పుట్టుకతో దొంగలన్నారు. పోలీసుల ముందు హాజరు, వేలిముద్ర, ఊరు దాటాలంటే చీటీ. 1952లో ఆ చట్టం రద్దయింది. మచ్చ రద్దు కాలేదు. గడ మీద ఆడే విద్య, తాడు మీద నడిచే విద్య వాళ్లది, ఈ దేశంలో ఏ డేరా లేవకముందు నుంచీ. 1880లో విష్ణుపంత్ ఛత్రే బొంబాయిలో సర్కస్ పెడితే భారత సర్కస్ మొదలైందని రాస్తారు. పేరు యజమానిది. విద్య ఎవరిదో రాయరు. సింహాలనూ పులులనూ ఎలుగులనూ ఆడించొద్దని 1998లో నోటిఫికేషన్ వచ్చింది, 2001లో సుప్రీంకోర్టు దాన్ని సమర్థించింది. మంచిదే. సర్కస్‌ల్లో పిల్లల్ని పెట్టొద్దని అదే కోర్టు ఆదేశించింది మాత్రం 2011లో. పేదోళ్ల పిల్లలు పులి తర్వాత పదేళ్లకు గుర్తొచ్చారు.

కులం నిచ్చెన అని బాబాసాహెబ్ ఊరికే చెప్పలేదు. పైవాడి కాలు మన నెత్తిమీద ఉంటే మనకు నొప్పి. మన కాలు ఎవరి నెత్తిమీద ఉందో మనకు నొప్పి పుట్టదు. 1994లో ఈదుమూడిలో దండోరా మోగినప్పుడు మనలో చాలామందికి కోపం వచ్చింది, ఇంట్లో తగువు బజారున పెడతారా అని. ఇంట్లో వినేవాళ్లుంటే బజారుకెందుకొస్తారు? వాళ్లు బీసీ-ఎ, మేం ఎస్సీ, మా సంఘం వేరు అని ఈ రోజు కూడా ఒకాయన అన్నాడు. కాయితం మీద లిస్టు వేరు కావచ్చు. శ్మశానంలో చోటు వాళ్లకీ లేదు, మనకీ లేదు.

లేచిపోయిన తమ్ముడికి ఇదే నా జవాబు. నాయనా, శ్మశానం అర్జీ నేనూ చూశాను. మన పేట సంతకాలు ఉన్నాయి. రైలు గేటు గుడిసెల సంతకం ఒక్కటి లేదు. అడగాలని నీకూ తట్టలేదు, నాకూ తట్టలేదు. అమెరికా సర్కస్ కథ ఎనిమిది రాత్రులు వినకపోతే ఆ అక్క నోరు తెరిచేది కాదు, మనకు తెలిసేదీ కాదు. కథలు ఎందుకంటే ఇందుకు.

నవల మీద తీర్పు ఎవరికి వాళ్లు చెప్పుకోండి. పెద్దమ్మ ఏడుపు పెద్దమ్మది, తాపీ తమ్ముడి కోపం తమ్ముడిది. అందరం ఒకే మాట అనక్కర్లేదు. కానీ మూడు పనులు మాత్రం అందరం చేయాలని అడుగుతున్నాను. ఒకటి, ఆ తిట్టు ఈ పేటలో ఇక వినపడకూడదు. పిల్లల నోట్లో వస్తే పెద్దోళ్లు ఆపాలి, పెద్దోళ్ల నోట్లో వస్తే పిల్లలు ఆపాలి. రెండు, శ్మశానం అర్జీ మళ్లీ రాద్దాం, గేటు గుడిసెల వాళ్లను కమిటీలో కూచోబెట్టి. మూడు, మన పేట నుంచీ, వాళ్ల గుడిసెల నుంచీ సర్కస్‌లకూ కంపెనీలకూ పోయి తిరిగిరానోళ్ల పేర్లు రాద్దాం. ఎవరు, ఏ ఏడు, ఎవరి కొడుకు. మొదటి పేరు మా చిన్నాయనది రాసుకోండి. రెండో పేరు ఆ అక్క చెప్తానంది.

చాప ఇంకొంచెం పరవండి. అక్క వచ్చింది, అక్కడే నిలబడింది.

జై భీమ్!